డెబోరక్క యాది బుక్కు

మా బొగ్గు బాయి మీద లాంపు రూంలో చేరిన రెండో వారంలోనే డెబోరా ఎటువంటి మనిషో మా అందరికీ తెలిసిపోయింది.

2001 ఎండాకాలం అది. మొదటి షిఫ్టు పైకి వచ్చింది. నేను టైం ఆఫీసులో గుమాస్తాను. నా కుర్చీలో కూర్చుంటే ఎదురుగా లాంపు రూం కిటికీ కనబడుతుంది. బాయిలోకి దిగేటప్పుడు కార్మికుడు తన ఇత్తడి బిళ్ల ఇచ్చి తన నంబరు లాంపు తీసుకుంటాడు. పైకి వచ్చాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ఆ రోజు అందరూ వెళ్లిపోయాక ఒక బిళ్ల మిగిలింది. లాంపులు తగిలించే ఒక కొక్కెం ఖాళీగా ఉంది.

"ఎవడో మర్చిపోయి ఇంటికి కొంటవోయుంటడు. రేపు తెస్తడు తియ్," అన్నాడు ఆమెతో పాటు డ్యూటీలో ఉన్న పాత మనిషి.

"లాంపు రేపు రానీ కాకా. మనిషి ఇయ్యాల ఏడున్నడో తెల్వాలె గద," అంది డెబోరా.

కిటికీ మూయలేదు. కిందికి ఫోన్ చేయించింది. అరగంట తర్వాత కొమురెల్లి అనే పంపు ఆపరేటర్‌ను ఇద్దరు చెరోవైపు పట్టుకుని పైకి తెచ్చారు. చలిజ్వరం వచ్చి పంపు దగ్గరే గోడకానుకుని ముడుచుకు పడుకున్నాడట. అప్పటి నుంచి కొమురెల్లికి ఆమె సొంత అక్క. మిగతా వాళ్లం కూడా వయసుతో పని లేకుండా డెబోరక్క అనడం మొదలుపెట్టాం.

ఆమెది యైటింక్లైన్ కాలనీలో పుట్టి పెరిగిన బతుకే. తండ్రి మత్తయి ముప్పై రెండేళ్లు బొగ్గు తవ్వి రిటైరైనవాడు. బాయి పనిలో ఉన్న భర్త శాంతిరాజ్ కామెర్లతో పోతే ఆ నౌకరి ఆమెకు వచ్చింది. పదో తరగతి చదివింది. ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పేది. పొట్టి మనిషి, చిన్న గొంతు. పది మందిలో ఉంటే ఉన్నట్టే తెలియదు. అట్లాంటి మనిషి, మా బాయి మీద ఆడవాళ్లంతా కలిసి పన్నెండేళ్లు ఆడుకున్న ఒక ప్రపంచాన్ని చిరగకుండా, చెదరకుండా మోసింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో టీవీలో 'కంచుమేడ' అని ఒక సీరియల్ వచ్చేది. రాజమండ్రి దగ్గర ఒక పెద్దింటి కథ. ఇంటి పెద్దావిడ మాణిక్యాంబ. ఆమె ఒక్కగానొక్క కొడుకు చంద్రమౌళి తల్లితో మాట పట్టింపు వచ్చి ఇల్లు విడిచిపోయాడు. కోడలు హైమవతి చిన్న కూతురితో అత్త దగ్గరే ఉండిపోయింది. ఇంటి వ్యవహారాలన్నీ గుమాస్తా భాస్కరం చేతిలో ఉండేవి. రెండు వందల పన్నెండో భాగంలో హైమవతి అటక మీద ఒక ఇనప్పెట్టె చూసి మూత ఎత్తింది. అక్కడ ఆగింది. మర్నాటి నుంచి ఆ సమయానికి ఇంకేదో వంటల ప్రోగ్రాం వచ్చింది. పెట్టెలో ఏముందో ఛానెల్ వాళ్లు చెప్పనే లేదు.

మా క్యాంటీన్ వెనుక రేకుల షెడ్డు ఉంది. పొద్దున పదకొండు గంటలకు ఆడవాళ్లంతా అక్కడ టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లు. సీరియల్ ఆగిన వారానికి అనుకుంటాను, ఆఫీసులో అటెండరుగా ఉండే జమున తన డబ్బా మూత తీస్తోంది. ఊడ్చే పని చేసే సారవ్వ చీపురు పక్కన పెట్టి, నడుము మీద చెయ్యి పెట్టి, అచ్చం మాణిక్యాంబలాగా అడిగింది:

"ఏమ్మా హైమవతీ, ఆ పెట్టెలో ఏముందో మాతో చెప్పకూడదా?"

అందరూ పడీపడీ నవ్వారు. జమున నవ్వలేదు. మూత పట్టుకున్న చేయి అట్లాగే ఉంచి, లోపలికి చూసి, గొంతు తగ్గించి పక్కవాళ్లతో అంది: "దేవుడా, ఇవన్నీ ఆయన రాసిన ఉత్తరాలు!" తర్వాత సారవ్వ వైపు తిరిగి, "ఏం లేదత్తయ్యా, పాత బట్టలు," అంది.

క్యాంటీన్‌లో వంట చేసే పూలమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. గుమాస్తా భాస్కరంలా మగగొంతు పెట్టింది. "అమ్మాయిగారూ, ఆ ఉత్తరాలు దాచింది నేనే. పెద్దావిడకు చెప్పారంటే ఈ ముసలితనంలో నేను రోడ్డున పడతాను."

ఇప్పుడెవరూ నవ్వలేదు. నేను టీ కోసం పోయినవాణ్ని గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

అట్లా మొదలైంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఆట'. స్టేజీ లేదు, రాసిన మాటలు లేవు. టీవీ వాళ్లు వదిలేసిన మనుషులను వీళ్లు తెచ్చుకుని, తలా ఒకరిని పంచుకుని, రోజూ అరగంట ఆ మనుషులుగా మాట్లాడేవాళ్లు. డెబోరాను కూడా ఎవరినైనా తీసుకోమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు మాటలు రావు. మీరు ఆడుండ్రి, నేను ఇంట," అంది.

మూడు నెలలకు పెద్ద లొల్లి అయింది. పూలమ్మ మాటల్లో మాటగా భాస్కరానికి పెళ్లే కాలేదంది. జమున లేచి నిలబడింది. "పెళ్లి కాకుంటే దసరాకు నేను చీర ఎవరికి పెట్టిన?" అని అడిగింది. నువ్వు పెట్టలేదంటే పెట్టిన అని ఇద్దరూ తిట్టుకున్నారు. మరుసటి రోజు ఎవరి డబ్బా వాళ్లు ఎడమొగం పెడమొగంగా తిన్నారు. అప్పుడు డెబోరా మెల్లగా అంది:

"పూలమ్మా, పోయిన నెల రెండో సోమవారం నువ్వే అన్నవ్. 'మా ఇంటిది పుట్టింటికి పోయిందమ్మగారూ, అందుకే చొక్కాకు గుండీల్లేవు' అని. ఆ దినం నువ్వు గోంగూర తెచ్చినవ్."

పూలమ్మ నాలుక కరుచుకుంది. "అవునే! అన్న. నీకెట్ల యాదికున్నది?"

"యాదికుంటది," అంది డెబోరా. ఆ సాయంత్రమే చౌరస్తాలో అట్ట వేసిన పొడుగు నోటుబుక్కు ఒకటి కొనుక్కుంది.

అదే యాది బుక్కు. నేను దాన్ని చాలాసార్లు చూశాను. తారీఖు, ఆ రోజు ఎవరున్నారు, ఎవరు రాలేదు, ఆటలో ఏం జరిగింది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ఆమె గొప్పతనం ఇంకోచోట ఉంది. ప్రతి మనిషికి వెనుక పేజీల్లో ఒక జాగా పెట్టి, నిలువుగా గీత గీసి, ఒక పక్క 'తెలుసు' అని, ఇంకో పక్క 'తెల్వదు' అని రాసుకుంది. మాణిక్యాంబ పేజీలో 'తెల్వదు' కింద మొదటి మాట: ఉత్తరాలు. పక్కన కూర్చున్న సారవ్వకు ఉత్తరాల సంగతి మొదటి రోజు నుంచీ తెలుసు. మాణిక్యాంబకు తెలియదు. సారవ్వ ఎప్పుడైనా నోరు జారబోతే డెబోరా బుక్కు మీద వేలితో రెండుసార్లు కొట్టేది. సారవ్వ మాట మింగి దగ్గు తెచ్చుకునేది.

కట్టుబాట్లు కూడా ఆమే పెట్టింది. ఒకరి మనిషి నోట్లో ఇంకొకరు మాట పెట్టొద్దు. సచ్చినోళ్లు మళ్ల రావద్దు, అందుకని చంపే ముందు అందరూ మూడు రోజులు ఆలోచించాలె. ఎవరైనా లీవు మీద పోతే వాళ్ల మనిషి కూడా ఎక్కడికో పోయి ఉండాలె, ఎక్కడికి పోయిందో ఆ మనిషే వచ్చి చెప్పాలె. మేనేజర్ మాట కూడా అంత శ్రద్ధగా విన్న వాళ్లు కాదు మా ఆడవాళ్లు. డెబోరా మాట విన్నారు.

మొదటి రెండు మూడేళ్లు ఆటలో అందరూ టీవీలో మాట్లాడినట్టే మాట్లాడేవాళ్లు. ఏమండీ, అలాగేనండీ. సారవ్వకు ఆ మాట నోట్లో తిరిగేది కాదు. ఒకరోజు విసిగిపోయింది. "నా తోని కాదు డెబోరా. కోపమొస్తే నాకు నా మాటే వస్తది. ఈమె ఎప్పటికీ గట్లనే మాట్లాడాల్నా?"

డెబోరా వెంటనే సరే అనలేదు. "ఊకె మారిస్తే మనిషి మారిపోతది పెద్దమ్మా. మాట మారాలంటే ఏదన్న జరగాలె," అంది. వారం రోజులు అందరూ కలిసి ఆలోచించారు. అప్పుల్లో ఆ పెద్దిల్లు పోయింది. మాణిక్యాంబ కోడలిని, మనవరాలిని, భాస్కరాన్ని వెంటబెట్టుకుని గోదారి ఒడ్డు పట్టుకుని పైకి పైకి వచ్చి మా దిక్కున ఒక రెండర్రల ఇంట్లో దిగింది. అయినా భాష వెంటనే మార్చనివ్వలేదు డెబోరా. మెల్లమెల్లగా ఒక్కో మాట. సంతలో కూరగాయలామెతో మాట్లాడి 'జర' నేర్చుకుంది మాణిక్యాంబ. బస్సులో 'జల్ది' నేర్చుకుంది. సరిగ్గా రెండేళ్లకు బుక్కులో ఈ వాక్యం ఉంది, నేను నా కళ్లతో చదివాను: "ఈ దినం మాణిక్యాంబ మొత్తం మన మాటనే మాట్లాడింది. ఎవ్వరూ నవ్వలే."

2008లో పెద్ద గండం వచ్చింది. వేరే ఛానెల్ వాళ్లు ఆ కంచుమేడను కొని మొదటి నుంచి వేసి, రెండు వందల పన్నెండు తర్వాత కొత్తగా తీయడం మొదలుపెట్టారు. మా వాళ్లంతా కూడబలుక్కుని చూశారు. పెట్టెలో ఉత్తరాలు లేవు. విషం సీసా ఉంది. హైమవతే అసలు దుర్మార్గురాలట. అత్తను చంపి ఆస్తి కొట్టేయాలని చూస్తోందట.

మరునాడు జమున డబ్బా తెరవలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆరేండ్లు అక్కా," అంది డెబోరాతో. "ఆరేండ్లు ఆమెను మంచిగ ఆడిన. ఇంట్ల మా అత్త మీద కోపమొచ్చినా ఇక్కడికొచ్చి హైమవతినైతే తగ్గేది. ఇప్పుడేమో ఆమె విషం పెట్టేదంటున్నరు."

పూలమ్మ వాదన వేరు. "వాళ్ల కథ వాళ్లది. మనం అరువు తెచ్చుకున్నం. అసలోళ్లే గిట్ల అన్నంక మనం మార్చుకోవద్దా?"

షెడ్డు రెండుగా చీలింది. ఇరవై రోజులు ఆట సాగలేదు. డెబోరా ఎవరితోనూ వాదించలేదు. ఇరవై ఒకటో రోజు తన ఐదు బుక్కులూ సంచిలో పెట్టుకుని వచ్చింది. మొదటి బుక్కు మొదటి పేజీ తెరిచి, పైన ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసింది.

"పూలమ్మ చెప్పింది నిజమే. ఈ గీత పైనిదంతా వాళ్ల దగ్గర తెచ్చుకున్నం," అంది. "మేడ వాళ్లది. పేర్లు వాళ్లయి. పెట్టె మూత ఎత్తిందాక వాళ్లది. అది నేను ఎన్నడూ కాదనలే. గీత కిందిది వినుండ్రి."

చదవడం మొదలుపెట్టింది. హైమవతి ఏ రోజు ఏం చేసిందో వరుసగా. అత్తకు జ్వరమొస్తే తొమ్మిది రోజులు జావ కాచింది. ఇల్లు పోయిన రోజు ముందు తన గాజులు తీసింది. భాస్కరాన్ని వెళ్లగొట్టే అవకాశం నాలుగుసార్లు వచ్చినా వెళ్లగొట్టలేదు. ఒక్కో వాక్యానికి తారీఖు. ఆ చిన్న గొంతుతో, ఎక్కడా పెంచకుండా, తగ్గించకుండా చదివింది. అరగంట అయింది, డబ్బాలు మూసేశారు, ఎవరూ లేవలేదు.

"గీత కింద విషం సీసా ఏడన్న ఉన్నదా పూలమ్మా?"

"లేదు," అంది పూలమ్మ.

"వాళ్ల హైమవతి వాళ్లకే ఉండనీ. ఆమెను మనం ఏం అనద్దు. గీమె మన హైమవతి."

పూలమ్మ లేచి గరిటె అందుకుని, మగగొంతుతో అంది: "అమ్మాయిగారూ, చాయ్ పెట్టమంటరా?"

జమున ఏడుస్తూనే, "పెట్టు భాస్కరం," అంది.

మరుసటి సంవత్సరం సారవ్వ రిటైరైంది. బెల్లంపల్లిలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోతోంది. మాణిక్యాంబను ఏం చేయాలి? పెద్దదిక్కు కాబట్టి ఘనంగా చచ్చిపోతే బాగుంటుందని జమున ఆశపడింది. డెబోరా ఒప్పుకోలేదు. "ఆమె మనిషిని ఆమెకే ఉంచుదాం. సారవ్వ గోదారి దాటి పోతున్నది. మాణిక్యాంబ కూడ గోదారి అవుతల ఎవరన్న చిన్ననాటి సోపతిగత్తె ఇంటికి పోతది," అని తేల్చింది.

అప్పటి నుంచి రెండు నెలలకొకసారి హైమవతి మాణిక్యాంబకు ఉత్తరం రాసేది. జమున చెప్పేది, డెబోరా రాసి బెల్లంపల్లి పోస్టు చేసేది. సారవ్వకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపించేది. ఉత్తరం నకలు బుక్కులో అతికించేది డెబోరా. ఎందుకంటే ఆ ఉత్తరంలో ఉన్నదే మాణిక్యాంబకు 'తెలుసు'. లేనిదంతా 'తెల్వదు'.

ఆ 'తెల్వదు' కింద ఒక పెద్ద సంగతి చేరింది. 2010 చివర్లో ఆటలోకి చంద్రమౌళి తిరిగొచ్చాడు. చిక్కిపోయి, దగ్గుతూ. మంచిగ నడిచేదాకా అమ్మకు చెప్పొద్దని పెండ్లాన్ని బతిమాలాడని జమునే చెప్పింది. ఆ మనిషిని ఎవరూ తీసుకోలేదు. లోపలి అర్రలో పడుకున్నాడు, హైమవతి జావ పట్టుకుపోతుంది, అంతే. సంవత్సరమంతా ఒక్క మాట మాట్లాడలేదు.

2011 సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలన్నీ బందయ్యాయి. గేటు ముందు టెంటు వేశారు. మేము రోజూ పొద్దున పోయి కూర్చునేవాళ్లం. పాటలు, ఉపన్యాసాలు, రోడ్డు మీదనే వంటావార్పు. మధ్యాహ్నం తిన్నాక మాత్రం ఏం తోచేది కాదు. నాలుగో రోజు ఎవరో, "మీ ఆట ఏదో ఇక్కడ ఆడుండ్రి, మేం కూడ ఇంటం," అన్నారు. పూలమ్మకు చెప్పాలా! లేచి నిలబడి చొక్కా గుండీలు సర్దుకున్నట్టు నటించింది.

చిక్కు ఏమిటంటే బుక్కులు లాంపు రూంలో డెబోరా అలమారలో ఉన్నాయి. లాంపు రూంకు తాళం. కొమురెల్లి నీళ్లు తోడే అత్యవసర డ్యూటీ మీద లోపలికి పోయి వస్తుండేవాడు. అతను అడిగివచ్చాడు. "అక్కా, తాళం తీస్తరట. గని నువ్వే వచ్చి హాజరు రిజిస్టర్ల సంతకం పెట్టి తీసుకపోవాల్నట."

"హాజరుల సంతకం అంటే డ్యూటీకొచ్చినట్టే గద?"

"అంతే మరి."

డెబోరా టెంటు వైపు చూసింది. "వద్దు తమ్మీ. ఉండనీ ఆడనే," అంది.

ఆ రోజు నుంచి ఎనిమిది బుక్కులూ ఆమె తలలోనే. రోజూ మూడు గంటలకు ముందు లేచి, కొత్తవాళ్ల కోసం వెనకటి కథ చెప్పేది. తర్వాత జమున, పూలమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు అందుకునేవాళ్లు. మొదట ముప్పై మంది విన్నారు. పదిహేను రోజులకు పక్క బాయిల టెంట్ల నుంచి కూడా మనుషులు మా దగ్గరికి వచ్చేవాళ్లు. మగవాళ్లు తువ్వాలలు పరుచుకుని ముందు వరుసలో కూర్చునేవాళ్లు. భాస్కరం ఉత్తరాల సంగతి వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఎవరో ఒకరు, "చెప్పరాదయ్యా, ఇంకెన్ని దినాలు దాస్తవ్!" అని అరిచేవాళ్లు.

నెల కావస్తుండగా ఒక మధ్యాహ్నం సారవ్వ దిగింది. బస్సులు బందు, అల్లుడి మోటర్ సైకిల్ వెనక కూర్చుని వచ్చింది. నడుము పట్టేసి కాసేపు నిలబడలేకపోయింది. "నేను లేకుంట ఆడుతున్నరట గద!" అంది.

డెబోరా ఆమెను చాయ్ బండి పక్క బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను ఆ పక్కనే ఉన్నాను. రెండు గంటల పాటు, చేతిలో చిన్న కాగితం ముక్క లేకుండా, రెండేళ్ల కథ అప్పజెప్పింది.

"హైమవతి బిడ్డ, నీ మనవరాలు, ఇంటర్ పాసయింది. ఉత్తరంల రాసినం, నీకు తెలుసు. భాస్కరానికి గుండెల నొప్పొచ్చింది. రాయలే, నీకు తెల్వదు. ఆయన నడక చూసి అనుమానపడొచ్చు, ముందే అడుగకు. ఇంటి మీద రేకులు మార్చిండ్రు. రాయలే, గని వస్తనే కనవడ్తది."

సారవ్వ అన్నిటికీ తల ఊపింది. చివరికి అడిగింది. "నా కొడుకు సంగతేంది బిడ్డా? ఏమన్న జాడ దొరికిందా?"

డెబోరా చాయ్ గ్లాసు కింద పెట్టింది. "అది చెప్పను పెద్దమ్మా."

"చెప్పనంటే? ఉన్నట్టా, లేనట్టా?"

"చెప్పనంటే చెప్పను. నన్ను అడుగకు."

"సరే తియ్," అని సారవ్వ చేతికట్టె అందుకుంది.

మూడు గంటలకు టెంటులో కాలు పెట్టే జాగా లేదు. సారవ్వ కట్టె పట్టుకుని జనం మధ్య నుంచి వస్తుంటే, "మాణిక్యాంబ వచ్చింది" అని గుసగుసలు. జమున ఎదురుపోయి కాళ్లకు నీళ్లిచ్చినట్టు చేసింది. సారవ్వ అంతా కలియజూసింది. రేకులను మెచ్చుకుంది. భాస్కరం నడక చూసి, "ఏందయ్యా, ఆయాసపడుతున్నవ్?" అంది. తర్వాత ఆమె కళ్లు టెంటు అంచున పడ్డాయి. అక్కడ ఎవరివో మగవాళ్ల చెప్పులు ఒక జత ఉన్నాయి.

"హైమవతీ, భాస్కరం చెప్పులు కాళ్లకే ఉన్నయి. మరి ఇవెవరియి?"

అది ఎవరూ అనుకున్నది కాదు. జమున తెల్లబోయింది. అబద్ధం చెప్పాలో నిజం చెప్పాలో తెలియక డెబోరా వైపు చూసింది. నిజం చెబితే ఆ మనిషి బయటికి రావాలి. రావడానికి మనిషేడి? ఆ చంద్రమౌళి ఏం చదివాడో, ఎక్కడెక్కడ తిరిగాడో, ఏ ఉత్తరం ఏ ఊరి నుంచి రాశాడో పూర్తిగా ఎరిగినవాళ్లు అక్కడ ఒక్కరే ఉన్నారు.

డెబోరా చాప మీద నుంచి లేవలేదు. తల వంచుకునే ఉంది. అన్నేళ్లు తనకు మాటలు రావన్న మనిషి, గొంతు ఏమాత్రం మార్చకుండా అంది:

"నాయియే అమ్మా."

సారవ్వ వెంటనే వెనక్కి తిరగలేదు. కట్టె మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"ఎన్నేండ్లయిందిరా?"

"పదకొండేండ్లమ్మా."

"ఒక్క ఉత్తరం ముక్క రాయబుద్ధి కాలేదా?"

"రాసిన. నలభై ఉత్తరాలు రాసిన. నీ చేతికి రాలే."

సారవ్వ అప్పుడు మెల్లగా తిరిగింది. కొడుకు వైపు కాదు, పూలమ్మ వైపు. తొమ్మిదేళ్ల కింద గరిటె పట్టుకుని సరదాగా అన్న ఒక మాట ఇప్పుడు పూలమ్మ మెడకు చుట్టుకుంది. మగగొంతు రాలేదు. తన సొంత గొంతుతోనే, "నేనే దాచిన అమ్మా," అని కూలబడిపోయింది. నిజంగానే ఏడ్చింది. ముందు వరుసలో కొమురెల్లి తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి. సారవ్వ భాస్కరాన్ని ఏమీ అనలేదు. పోయి డెబోరా పక్కన చాప మీద కూర్చుని, ఆమె తల తన ఒడిలోకి తీసుకుంది.

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. నాకు ఆ రోజు, ఈ బాయి మీద పనిచేసినవాణ్ని అని చెప్పుకోవడం ఎన్నడూ లేనంత గొప్పగా అనిపించింది.

సమ్మె ముగిసి లాంపు రూం తెరిచిన రోజు డెబోరా చేసిన మొదటి పని, తీరిక దొరకగానే బుక్కులు ముందు పెట్టుకుని, టెంటులో తను నోటితో చెప్పినదంతా సరిచూసుకోవడం. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు షెడ్డులో అందరి ముందు లేచి నిలబడింది.

"రెండు తప్పులు చెప్పిన. హైమవతి బిడ్డ ఇంటర్ చదివింది వరంగల్‌ల. నేను కరీంనగర్ అన్న. చంద్రమౌళి ఇల్లు ఇడిచిపోయి పన్నెండేండ్లయింది. పదకొండన్న."

సంగతి బెల్లంపల్లికి కూడా రాసింది. సారవ్వ మనవరాలితో జవాబు రాయించింది: జ్వరపడి లేచినోడు గదా, కొడుకే ఒక ఏడు మర్చిపోయిండని రాసుకో. డెబోరా ఒప్పుకోలేదు. తిరుగు టపాలో ఇట్లా రాసింది: "తప్పు నాది పెద్దమ్మా. ఆయన మీదికి నూకొద్దు." బుక్కులో కూడా అట్లాగే ఉంది, పక్కన ఆమె సంతకంతో.

టెంటులో చూసిపోయిన వాళ్లలో సెంటినరీ కాలనీ దిక్కు బాయిలో పనిచేసే ఆడవాళ్లు ఉన్నారు. 2013లో వాళ్లు నలుగురు కలిసి ఒక ఆదివారం డెబోరా క్వార్టర్‌కు వచ్చారు. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది.

"అక్కా, మీ మనుషులను మాకు కూడ ఇస్తవా? మేం ఆడుకుంటం," అని అడిగింది వాళ్లలో పెద్దామె సమ్మవ్వ.

డెబోరా వాళ్లను కూర్చోబెట్టి తొమ్మిది బుక్కులూ తెచ్చి ముందు పెట్టింది. "ఎత్తి రాసుకోండ్రి. ఈ ఎర్రగీత కూడ గియ్యాలె, అది మర్వద్దు. ఇగ, ఎవరినన్న చంపేది ఉంటే ముందు నాకు చెప్పాలె," అంది. వాళ్లు ఆరు ఆదివారాలు వచ్చి, నేల మీద కూర్చుని అంతా ఎత్తి రాసుకుపోయారు. వాళ్లు ఎత్తి రాస్తుంటే మత్తయి, ఎనభై దాటిన మనిషి, మంచం మీద కూర్చుని చూసేవాడట. వచ్చినవాళ్లందరికీ, "నా బిడ్డ రాసింది," అని చెప్పేవాడట.

రాష్ట్రం వచ్చిన ఏడు, జూన్ చివర్లో నేను రిటైరయ్యాను. సామాను సర్దుకుంటూ ఒక ఆదివారం బస్టాండు దిక్కు పోతే డెబోరక్క కనబడింది. చేతిలో సంచి, సంచిలో బుక్కులు.

"ఎటు పోతున్నవక్కా?" అన్నాను.

"సెంటినరీ కాలనీకి, అన్నా. మా జమున హైమవతోళ్ల చేదబాయి ఇంటెనక ఉన్నదంటది. వాళ్లేమో వాళ్ల ఆటల ముంగట తవ్విండ్రట. పోయి చూడాలె, రెండిట్ల ఏదో ఒకటే ఉండాలె గద," అంది.

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు పట్టుకుని, సంచి ఒడిలో పెట్టుకుని, మొదటి బుక్కు తెరిచింది.